కొసరు లేని కొలత

కిందటి వారం లెక్క ఎక్కడ ఆగిందో ఒకసారి చూసుకుని ముందుకు పోదాం. బట్టల కొట్టాయన కూతురు ఎస్సై ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. మైదానంలో ఎనిమిది వందల మీటర్ల పరుగును గడువుకు పదకొండు సెకన్ల ముందే ముగించింది. ఆయాసం తీరకముందే ఎత్తు కొలిచే యంత్రం కింద నిలబెట్టారు. ఉండాల్సింది నూట యాభై రెండున్నర సెంటీమీటర్లు. యంత్రం చూపింది నూట యాభై రెండు పాయింట్ రెండు. మూడు మిల్లీమీటర్లు తక్కువ. కాగితం మీద "అనర్హం" అని ఎర్ర ముద్ర కొట్టారు. అప్పీలు చేసుకున్నవాళ్ళని సాయంత్రం నాలుగింటికి మళ్ళీ కొలుస్తారు, అదీ ఒక్కసారే. వచ్చే నోటిఫికేషన్ నాటికి ఆమెకి వయసు దాటిపోతుంది. అంటే ఈ బేరం ఇవాళ కుదిరితే కుదిరినట్టు, లేకపోతే ఇక లేనట్టే.

అప్పీలు కాగితం రాయించింది తండ్రే. "రాయమ్మా. మా కొట్టులో ప్రభుత్వ ముద్ర ఉన్న మీటరు కడ్డీతో కొలవగా నా ఎత్తు నూట యాభై మూడు పాయింట్ ఒకటి వచ్చినది. కావున తప్పు తమ యంత్రంలోనే ఉన్నది" అని గేటు ముందు నిలబడి చెప్పాడు. సంతకం పెట్టించి, దాన్ని లోపలికి పంపించాకే మంచినీళ్ళు ముట్టాడు. ఆ కడ్డీ అప్పుడు కూడా ఆయన చంకలోనే ఉంది. నిగనిగలాడే నల్ల చెక్క కడ్డీ, వాళ్ళ నాన్న నాటిది. ఎవరి కొలతనీ నమ్మని మనిషి కాబట్టి గొడుగుతో పాటు దాన్నీ తెచ్చుకున్నాడు. గేటు దగ్గర కానిస్టేబుల్ "పోలీసులనే కొట్టడానికి వచ్చావా పెద్దాయనా?" అంటే, "కొట్టడానికి కాదు బాబూ, కొలవడానికి" అన్నాడు.

అప్పుడు టైము పదకొండు. నాలుగింటికి ఐదు గంటలు. ఉన్న సరుకుతోనే వ్యాపారం చేయాలనేది ఆయన సూత్రం. ఆ పూటకి ఆయన చేతిలో ఉన్న సరుకల్లా ఆ ఐదు గంటలే.

"పడుకో" అన్నాడు కూతురితో.

"ఇక్కడా?"

"ఇక్కడే. వెల్లకిలా. తలకింద ఏమీ పెట్టకు."

మైదానం ప్రహరీ బయట పెద్ద చెట్టొకటి ఉంది. దాని నీడలో, ఓడిన పిల్లలు, వాళ్ళ సంచులు, చెప్పులు, సగం తాగిన నీళ్ళ సీసాల మధ్య, ఆయన తన పైగుడ్డ పరిచాడు. కొట్టు అరుగు మీద కుట్టే దర్జీ ముప్పై ఏళ్ళుగా చెబుతున్న మాట ఒకటుంది: పొద్దున కొలిచి కుట్టిన పంట్లాం సాయంత్రానికి మడమ కింద ఈడుస్తుంది, ఎందుకంటే పొద్దంతా నిలబడ్డ మనిషి కుంగుతాడు, పడుకుని లేచినవాడు సాగుతాడు. దర్జీని ఆయన చాలా విషయాల్లో నమ్మడు గానీ ఈ విషయంలో నమ్మాడు. పొద్దున్నే బస్సులో రెండు గంటలు నిలబడి వచ్చిన పిల్ల, ఆపైన పరిగెత్తిన పిల్ల కుంగకుండా ఎలా ఉంటుంది? కుంగింది తిరిగి రావాలంటే వెన్ను నేలకి ఆనాలి.

"బాబాయ్, నన్నూ పడుకోబెట్టు. నాకు సెకన్లు తగ్గుతాయేమో!" అంది పక్కన కూర్చున్న పిల్ల. కోచింగ్‌లో అందరూ ఆమెని నిచ్చెన అంటారు. ఎత్తు కొలిచే యంత్రం పట్టీని పైకి జరిపించి మరీ నిలబెట్టేంత పొడుగు. పరుగులో మాత్రం రెండు సెకన్లు ఆలస్యమై పొద్దున్నే తప్పింది. ఇంటికి వెళ్ళకుండా స్నేహితురాలి కోసం ఉండిపోయింది.

"నీకు పరుపు కాదమ్మా, వెనకాల కుక్క కావాలి" అన్నాడాయన.

నిచ్చెన పకపకా నవ్వి, పడుకున్న పిల్ల వైపు వంగింది. "ఒసేయ్ బెత్తెడూ, బేరం. నా ఎత్తులో బెత్తెడు నువ్వు తీసుకో, నీ పరుగులో రెండు సెకన్లు నాకియ్యి."

"కుదరదు. నాకు కావలసింది మూడు మిల్లీమీటర్లే. బెత్తెడు తీసుకుంటే మిగతాది వృథా" అంది బెత్తెడు, కళ్ళు మూసుకునే.

ఆ పేరు పెట్టింది తండ్రే. పుట్టినప్పుడు గుడ్డలో చుట్టి చేతికిస్తే, గుడ్డే ఎక్కువుంది, పిల్ల బెత్తెడే ఉందన్నాడట. బెత్తెడంటే నాలుగు వేళ్ళ వెడల్పు. పేరు నిలిచిపోయింది. పిల్ల కూడా ఆ పేరుకి తగ్గట్టే మరీ పెరగలేదు.

చెప్పాలంటే, ఈ ఉద్యోగం మాట ఎత్తిన మొదటి రోజున ఆయన దాన్ని వ్యాపారి కంటితోనే చూశాడు. లక్షల మంది రాసేచోట వందల్లో పోస్టులు. ఒక తానుకి వెయ్యిమంది బేరమాడే సంతలో ఎవడు నిలబడతాడు? "లాభం లేని సంత అమ్మా, వద్దు" అన్నాడు. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. కొట్టులో కూర్చుంది. బట్ట చుట్టి వచ్చే అట్టలుంటాయి కదా, తాను అయిపోయాక పారేసేవి. వాటి మీద చట్టాల సెక్షన్లు, లెక్కల సూత్రాలు రాసుకుని అలమరలో తానుల మధ్య నిలబెట్టుకుంది. ఎవరైనా పరదా గుడ్డ చూపించమంటే తాను లాగినప్పుడల్లా ఒక అట్ట బయటికి వచ్చేది. గుడ్డ పరుస్తూ అట్ట చదివేది, కత్తిరిస్తూ మనసులో వల్లించేది, మడత పెడుతూ సరిచూసుకునేది. మొదటిసారి తొలి రాతపరీక్షలోనే రెండు మార్కుల్లో పోయింది. ఆ రోజు ఏడుస్తుందేమోనని ఆయన కొట్టు త్వరగా కట్టేసి ఇంటికి వెళితే, పిల్ల పాత అట్టల మీద రాసింది చెరిపి కొత్తవి రాసుకుంటోంది. "ఏంటమ్మా ఇది?" అంటే, "పాత సరుకు నాన్నా. అమ్ముడుపోనిది తీసేస్తున్నా" అంది.

ఆ మాటతో ఆయన పడిపోయాడు. నష్టం వచ్చిన రోజునే అలమర సర్దుకునేవాడు వ్యాపారంలో ఎప్పుడూ చెడిపోడు. అలాంటివాళ్ళని ఆయన తన ఈడులో ఇద్దరినో ముగ్గురినో చూశాడు. తనని ఆ లెక్కలో ఎప్పుడూ వేసుకోలేదు.

పన్నెండున్నరకి ఇంటి నుంచి ఫోను.

"ఏమైందండీ? కొలిచారా?" అంది భార్య.

"కొలుస్తున్నారు."

"పొద్దుట్నించీ కొలుస్తున్నారా? మన పిల్లేమన్నా కొబ్బరిచెట్టా?"

"సాయంత్రం చెబుతాలే, పెట్టెయ్."

"తిన్నదా?"

ఆయన జవాబు చెప్పకుండా పెట్టేశాడు. తినలేదు. కడుపు నిండితే నడుం బరువెక్కి కుంగుతుందని ఆయనే వద్దన్నాడు. గుక్కెడు గుక్కెడు నీళ్ళు మాత్రం పోయించాడు, అదీ తల ఎత్తనివ్వకుండా.

ఎండ చెట్టు దాటి ఇటు తిరిగింది. ఆయన గొడుగు విప్పి కూతురి ముఖానికి అడ్డం పట్టుకుని కూర్చున్నాడు. కడ్డీ ఆమె పక్కన నేల మీద ఉంది. తర్వాత బెత్తెడు మెడ మాత్రం తిప్పి దాని వైపు చూసింది.

"నాన్నా, ఒకటడుగుతా. కోప్పడకూడదు."

"అడుగు."

"కడ్డీకి ఆ చివర ఇత్తడి తొడుగుంది. ఈ చివర లేదేం?"

"ఊడిపోయింది."

"ఎప్పుడు?"

"రెండేళ్ళవుతుందేమో. బల్లకేసి కొట్టి కొట్టి ఊడింది. అయితే ఏంటి? ముద్ర చెక్క మీద ఉంది, తొడుగు మీద లేదు."

బెత్తెడు చెయ్యి చాపి కడ్డీ చివరని తడిమింది. "ఊడింది సున్నా ఉన్న చివర. తొడుగు మందం ఎంతుంటుంది నాన్నా?"

ఆయన గొడుగుని ఆమె ముఖం మీదికి ఇంకాస్త వంచాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని జీవితమంతా వాదించగల మనిషే. కానీ మందం ఎంతో ఆయనకి తెలుసు. ఊడిన రోజునే వేళ్ళతో నొక్కి చూశాడు. మూడు మిల్లీమీటర్లు.

"కడ్డీ గోడకి ఆనించి నిలబెట్టి ఒకసారి గీత గీశావు. మళ్ళీ ఆ గీత మీద పెట్టి మిగతాది కొలిచావు" అంది ఆమె, ఎవరికో లెక్క నేర్పుతున్నంత నెమ్మదిగా. "రెండుసార్లు పెట్టావు. రెండుసార్లూ మూడేసి మిల్లీమీటర్లు పోయాయి. ఆరు. నూట యాభై మూడు పాయింట్ ఒకటిలోంచి ఆరు తీసెయ్."

"నూట యాభై రెండున్నర" అంది నిచ్చెన, గట్టిగా. తర్వాత నోటి మీద చెయ్యి వేసుకుంది.

"సరిగ్గా గీత మీద" అంది బెత్తెడు.

"నేనెవర్నీ మోసం చెయ్యలేదే తల్లీ" అన్నాడాయన. "కడ్డీ పొట్టిదైందని తెలుసు. అందుకే కోసేటప్పుడు ప్రతి ముక్కకీ బొటనవేలు కొసరు వేసి కోస్తాను. నువ్వూ చూశావుగా. పోయింది మూడు మిల్లీమీటర్లు, నేనిచ్చేది బొటనవేలు. ఇచ్చిందే ఎక్కువ. ఎవడైనా వచ్చి అడగనీ."

"చూశాను నాన్నా. నాక్కూడా కొసరు వేశావు. నేను బట్టనైతే సరిపోయేది."

నిచ్చెనకి నవ్వొచ్చింది కానీ ఆయన ముఖం చూసి మింగేసింది.

రెండేళ్ళుగా ఆ కడ్డీని ఆయన సమర్థించుకుంటూ వచ్చిన లెక్క అది. తక్కువ ఒకచోట, ఎక్కువ ఒకచోట, మొత్తం మీద సరి. బట్ట విషయంలో అది నిజమే. కానీ గోడకి ఆనుకుని మడమలు కలిపి నిలబడ్డ మనిషికి కొసరు ఎక్కడ వేస్తాడు? కొసరు అలవాటైన చెయ్యి, కొసరు లేని చోట కూడా అదే కడ్డీ పట్టుకుంది. నలభై ఏళ్ళు కొట్టులో కూర్చున్నవాడు చేయాల్సిన తప్పే, మరొకడికి చేతకాని తప్పు.

"అప్పీలు కాగితంలో యంత్రం తప్పని రాయించాను" అన్నాడు చివరికి.

"అవును. సంతకం నాది."

"దాని గురించి నువ్వేం మాట్లాడకు. వాళ్ళు అడగరు. కొలుస్తారు, అంతే. మన సరుకు పుచ్చని మనమే చాటింపు వేసుకుంటామా?"

ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఒప్పుకుందో లేదో ఆయనకి అంతు పట్టలేదు.

నాలుగుకి పది నిమిషాలుండగా గేటు తీశారు. పడుకున్న పిల్లని లేపి నిలబెట్టలేదాయన, అటో చెయ్యి ఇటో చెయ్యి వేసి నిచ్చెనతో కలిసి నిలువునా ఎత్తినట్టు లేపాడు. "పరిగెత్తకు. వంగకు. చెప్పుల కోసం కూడా వంగకు, నేను తొడుగుతా" అన్నాడు. తొడిగాడు కూడా.

అప్పీలు బల్ల ఇనప జాలీ కంచెకి నాలుగు బారల దూరంలో ఉంది. బయటివాళ్ళు జాలీ పట్టుకుని నిలబడితే మాటలు వినిపిస్తాయి. లైనులో పదిహేడు మంది. బల్ల వెనక నెరిసిన జుట్టున్న మహిళా అధికారి. ఒక్కొక్కరి కాగితం చదువుతోంది. "యంత్రం తప్పు", "యంత్రం సరిగా లేదు", "యంత్రం వంగి ఉంది" అని అందరూ దాన్నే తిట్టారు. ఏడుగురిని కొలిచారు. ఒక్కరు గట్టెక్కారు. ఎనిమిదోది బెత్తెడు.

అధికారి కాగితం చదివి కళ్ళద్దాల మీదుగా చూసింది. "ప్రభుత్వ ముద్ర ఉన్న కడ్డీ. నూట యాభై మూడు పాయింట్ ఒకటి. కాబట్టి మా యంత్రం తప్పు. ఇంతేనా?"

జాలీ బయట ఆయన పళ్ళు బిగించాడు. 'అవునను' అనుకున్నాడు. ఒక్క మాట. 'అవునని ఊరుకో.'

"కాదు మేడమ్" అంది బెత్తెడు. "యంత్రం తప్పు కాదు. మా కడ్డీ తప్పు. కాగితం ఇచ్చేశాక తెలిసింది. దాని చివర తొడుగు ఊడిపోయింది, మూడు మిల్లీమీటర్లు పొట్టి. ఆ వాక్యం కొట్టేయండి."

లైనులో ముందూ వెనకా ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. కొలిచే కానిస్టేబుల్ చేతిలో పెన్ను ఆగింది.

"అప్పీలుకి కారణమే అది కదమ్మా. అది కొట్టేస్తే ఇంకేం మిగులుతుంది?"

"నా ఎత్తు మిగులుతుంది మేడమ్. కొట్టులో రెండుసార్లు కడ్డీ పెట్టి కొలిచిన దాంట్లో ఆ తేడా రెండుసార్లు తీసేస్తే సరిగ్గా నూట యాభై రెండున్నర. పొద్దున పరిగెత్తి రాగానే కొలిచారు, కుంగి ఉన్నాను. ఇప్పుడు కొలవండి. తగ్గితే ఎవరినీ ఏమీ అనను, వెళ్ళిపోతాను."

"ఈ సంగతి నేను అడగలేదు. నువ్వెందుకు చెప్పావు?"

"రేపు నేను ఎవరి ముందైనా కూర్చుని అడగాలి కదా మేడమ్, కాగితంలో రాసింది నిజమేనా అని."

అధికారి జాలీ వైపు చూసింది. అక్కడ గొడుగు, కడ్డీ పట్టుకుని నిలబడ్డ మనిషిని గుర్తుపట్టడానికి పోలీసు బుర్ర అవసరం లేదు.

"ఏవండీ, ఆ కడ్డీ అదేనా?"

కడ్డీని వెనక్కి దాచడానికి చెయ్యి కదిలింది. వ్యాపారి చెయ్యి, అలవాటు. సగంలో ఆగింది. లోపల పిల్ల అంత మాట అనేశాక బయట తండ్రి చెక్కముక్క దాచుకుంటే అదేం లెక్క? కడ్డీని తల మీదికి ఎత్తాడు.

"ఇదే అమ్మగారూ. పొట్టిదే. నాకు ముందే తెలుసు. అమ్మాయికి ఇవాళే తెలిసింది. రేపు మార్చేస్తాను."

"మార్చండి. మార్చకపోతే కేసు రాయడానికి మీ అమ్మాయే రావచ్చు" అంది అధికారి. లైనులో నవ్వులు. కానిస్టేబుల్ కూడా నవ్వాడు. ఆమె మాత్రం నవ్వకుండా బల్ల దగ్గర నుంచి లేచి వచ్చింది.

"నేనే చూస్తాను. నిలబడమ్మా."

బెత్తెడు చెప్పులు విడిచి పలక మీద నిలబడింది. మడమలు, వీపు, తల వెనక భాగం మూడూ స్తంభానికి ఆనించింది. అధికారి నేల మీద మోకాలు ఆనించి, ఒక కాగితం ముక్క తీసి మడమల కింద దూర్చి చూసింది. దూరలేదు. మడమలు పలకకి అంటుకునే ఉన్నాయి. లేచి, జుట్టు అణిచిపెట్టి, పైనున్న అడ్డపట్టీని దించింది. తల తాకి ఆగింది.

ఆయన జాలీలో వేళ్ళు దూర్చి పట్టుకున్నాడు. నలభై ఏళ్ళలో ఎన్ని వేల మీటర్లు కొలిచాడో ఆయనకే తెలియదు. వాటన్నిటినీ కలిపినా ఆ అడ్డపట్టీ కింద ఉన్నంత బరువు లేదు.

అంకెలు రెండుసార్లు అటూ ఇటూ ఆడి నిలిచాయి.

"నూట యాభై రెండు పాయింట్ ఐదు" అని చదివింది అధికారి. కానిస్టేబుల్ని పిలిచి అతని చేత కూడా చదివించింది. "పాయింట్ ఐదు మేడమ్." ఎర్ర ముద్ర మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన నీలం సిరాతో "అర్హత" అని రాసి సంతకం పెట్టింది.

నిచ్చెన జాలీ ఎక్కేసేంత పని చేసింది. ఆయన అరవలేదు. కడ్డీ చంకలో పెట్టుకుని, గొడుగు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియలేదు. అబద్ధం ఆడమని తను మనసులో బతిమాలిన చోట పిల్ల నిజం చెప్పింది. చెప్పి నెగ్గింది. తన జన్మలో ఇంత నిక్కచ్చి కొలత ఆయన చూడలేదు. కొసరు లేదు, తరుగు లేదు.

"ఆగు, సంబరం తర్వాత" అంది అధికారి, కాగితం చేతికిస్తూ. "లాంగ్‌జంప్, గుండు విసరడం మిగిలాయి. అప్పీలు నెగ్గినవాళ్ళు అవి ఇవాళే ముగించాలి, వెలుతురు పోకముందే. ముందు జంప్. పద."

ఈ సంగతి ఆయన లెక్కలో లేదు.

రెండున్నర మీటర్లు దూకాలి. మూడు అవకాశాలు. ఇంటి దగ్గర ఇసకలో మూడు మీటర్లు అలవోకగా దూకేది. పొట్టి కడ్డీతో కొలిచారనుకున్నా అందులో పోయేది ఒక్క సెంటీమీటరైనా కాదు. దూకడం గురించి ఆయనకి ఏనాడూ బెంగ లేదు. కానీ ఇంటి దగ్గర దూకిన పిల్ల తిని, కాళ్ళు కదిలించి, ఒళ్ళు వేడెక్కించుకుని దూకిన పిల్ల. ఇవాళ ఆయన ఐదు గంటలు ఆమెని కట్టెలా పడుకోబెట్టాడు. మెడ ఎత్తనివ్వలేదు, మెతుకు ముట్టనివ్వలేదు. మూడు మిల్లీమీటర్లు సంపాదించి పెట్టాడు. అందుకు వెలగా ఆమె కాళ్ళని చెల్లించాడని ఇప్పుడు కదా తెలుస్తోంది!

"అమ్మా, కాళ్ళు విదిలించు! కాసేపు అటూ ఇటూ నడువు!" అని అరిచాడు. గాలి అటు వైపు నుంచి వీస్తోంది. మాట చేరలేదు.

ఈల మోగింది. బెత్తెడు పరుగందుకుంది. మొదటి పది అడుగులు బాగానే పడ్డాయి. దూకే పలక దగ్గరికి వచ్చేసరికి ఎడమ కాలు బిగుసుకుపోవడం ఇంత దూరం నుంచి ఆయనకి కనిపించింది. లేవాల్సినంత లేవలేదు. ఇసకలో పడింది. టేపు పట్టుకున్న కానిస్టేబుల్ చదివి, తల అడ్డంగా ఊపాడు.

ఆమె లేచింది. ఇసక దులుపుకోలేదు. వంగి ఎడమ పిక్కని రెండు చేతులతో పట్టుకుని అలాగే కాసేపు ఉండిపోయింది. తర్వాత కుంటుకుంటూ మొదటి గీత దగ్గరికి వెనక్కి నడిచింది. సగం దారిలో ఆగి కంచె వైపు తిరిగింది.

ఎంత తక్కువైందని ఆయన చేతులతోనే అడిగాడు.

ఆమె కుడిచెయ్యి పైకెత్తి నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి చూపించింది.

బెత్తెడు.

చూపించి, నవ్వింది. తర్వాత కాలు ఈడ్చుకుంటూనే వెళ్ళి గీత మీద నిలబడి, రెండో ఈల కోసం తల ఎత్తింది.